మొదటి కాగితం

జూన్ 8, ఆదివారం. బెల్లంపల్లి.

కరీంనగర్ హాస్టలు ఖాళీ చేసి ఇంటికి చేరాను. లా చదువులో ఇంకొక్క సంవత్సరం మిగిలింది. డిబేట్లలో ఓటమి అన్నది ఇంతవరకు నా ఖాతాలో లేదు. చివరి పోటీలో చీటీ తీస్తే ప్రతిపక్షం వచ్చింది. అనుకూల పక్షం వచ్చినా గెలిచేదాన్ని. రెండు వైపులా సిద్ధం కావడం నా పద్ధతి. ఏ వైపు నిజమన్నది న్యాయనిర్ణేతల తలనొప్పి.

నేను గెలుచుకొచ్చిన కప్పు వంక బాపు చూడనైనా చూడలేదు. "మంచిగైంది బిడ్డా, యాళ్లకు వచ్చినవ్. రేపటి సంది విండో తెరుస్తరట. గా కంప్యూటర్ల పని నాకు సమజ్ కాదు," అన్నాడు.

రేపటి నుంచి జూలై ముప్పై ఒకటి సాయంత్రం ఐదు గంటల వరకు ఫుట్‌బాల్ లీగు బదిలీల గడువు. కొత్త క్లబ్బు ఆన్‌లైన్‌లో ఆటగాణ్ణి అడగాలి; పాత క్లబ్బు 'సమ్మతి' నొక్కాలి. నొక్కకపోతే ఆ ఆటగాడు మరో ఏడాది ఉన్నచోటనే ఉంటాడు. మా 'మార్నింగ్ షిఫ్ట్' క్లబ్బు తరఫున ఆ నొక్కే వేలు ఇకపై నాది. పాస్‌వర్డు నేనే పెట్టాను. బాపు దాన్ని అడగను కూడా లేదు.

జూన్ 10

మైదానానికి వెళ్ళాను. బాపు దిగిన బొగ్గుబావి మూతపడి ఏళ్ళయింది. బాపు హాజరు పిలిచే మస్టరు మాత్రం మూతపడలేదు. బావి ల్యాంపు రూము తుక్కులో కొని తెచ్చిన బిళ్లల బోర్డు రేకుల షెడ్డులో వేలాడుతోంది. ఆటకు ముందు ప్రతివాడూ తన నంబరు ఇత్తడి బిళ్ల తీసుకోవాలి. పోయేటప్పుడు తిరిగి మేకుకు తగిలించాలి. బావిలోనైతే, బిళ్ల తిరిగి రాలేదంటే మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం.

బాపు ఒక్కొక్క నంబరే పిలుస్తాడు. మనిషి లేకపోతే, ఎందుకు లేడో తెలిసినవాళ్ళు చెప్పాలి. "సుట్టి." "జరం." "అక్క పెండ్లి." ఆ జవాబు వచ్చేదాకా తర్వాతి నంబరు పిలవడు. ఒకసారి, నా చిన్నప్పుడు, పావుగంట అట్లాగే నిలబడ్డాడు.

"పదకొండు!"

"ఉన్న కాకా."

అవేజ్. ఎడమ వైపు పరుగు అతనిది. పదో తరగతి దాకా మేమిద్దరం ఒకే బెంచీకి అటూ ఇటూ. ఇప్పుడు అతనికి ఇరవై నిండాయి. లీగులో ప్రతి జట్టూ ఇరవై ఒకటి నిండని కుర్రవాణ్ణి ఒక్కణ్ణయినా ఆడించాలన్న నియమం ఉంది. పెద్ద క్లబ్బులు ఇట్లాంటివాళ్ళ కోసమే ఊళ్ళు గాలిస్తాయి. అతనికి వచ్చే జనవరిలో ఇరవై ఒకటి నిండుతాయి. అంటే అతనికి ఇదే చివరి వేసవి.

"ఏం వకీలమ్మా, కరీంనగర్ల అందరి నోర్లు మూయించినవా?"

"నీదొక్కటే మిగిలింది."

"నాది కాళ్లతోని మాట్లాడే నోరు. నీతోని కాదు."

నవ్వాను. అంతే.

జూన్ 17

మాకు గోల్‌కీపరు లేడు. బోథ్‌లో నరేశ్ అనే కుర్రవాడు ఉన్నాడని విని రెండు బస్సులు మారి వెళ్ళాం: బాపు, నేను, అవేజ్. కీపరును పరీక్షించడానికి బంతి తన్నేవాడు కావాలి కనుక అవేజ్.

పది బంతుల్లో ఏడు ఆపాడు. ఇక మిగిలింది తల్లిని ఒప్పించడం. గంగుబాయి పత్తి చేను గట్టు మీద, విత్తనాల సంచి నడుముకు కట్టుకొని నిలబడి ఉంది.

నేను మొదలుపెట్టాను. ఆటగాడి కాలం స్వల్పమనీ, అతని నైపుణ్యం అతని సొంతమనీ, అతణ్ణి ఆపే హక్కు ఏ క్లబ్బుకూ, ఏ ఇంటికీ, చివరికి ఏ తల్లికీ లేదనీ. ఐదు నిమిషాలు. ఒక్క తడబాటు లేదు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "అయిందా బాయి? నేను ఆపుతున్ననా? ఇత్తనం ఆపుతుంది. పెట్టుడయినంక తోలుకపోండ్రి."

"మళ్ళీ పత్తి ఏరే కాలానికి పంపుతామని వ్రాసివ్వమంటారా?"

"రాసుడెందుకు? రావాలె అనిపిస్తే వాడే వస్తడు. పోరడా, ఎద్దా, తాడు కట్టనీకి?"

తిరుగు ప్రయాణంలో బాపు నిద్రపోయాడు. ముందు సీటులోంచి అవేజ్ వెనక్కి తిరిగి, "నువ్వు గట్ల మాట్లాడితే గోల్‌పోస్టు సుత లేచి మన బస్సెక్కుతుండె," అన్నాడు. మంచిర్యాల వచ్చేదాకా తిరిగే కూర్చున్నాడు.

జూన్ 26

హైదరాబాదు క్లబ్బు నుంచి అభ్యర్థన వచ్చింది. ఆటగాడు: అవేజ్. బదిలీ: శాశ్వతం.

వాళ్ళ మేనేజరు ప్రణయ్ ఫోను చేశాడు. మర్యాదస్థుడు. ఇస్త్రీ చేసినట్టుండే గొంతు. "మీరు సమ్మతి ఇస్తే వారంలో క్యాంపుకు పిలుస్తాం, మేడమ్," అన్నాడు.

కాగితం చదివి వినిపించాను. బాపు కళ్ళు మూసుకొని విన్నాడు. "మంచిగున్నది. గని మేనేజ్‌మెంటు ఇచ్చిన మొదటి కాగితం మీద సంతకం పెట్టద్దు బిడ్డా. ఇరవై ఏండ్లు యూనియన్ల ఉండి నేర్చుకున్నది గదొక్కటే. మొదటి కాగితం వాళ్లది. రెండోది మనది."

మాది నేను వ్రాశాను. ఒకే ఒక షరతు: ప్రతి సంవత్సరం ఏప్రిల్, మే నెలలు ఆటగాడు మార్నింగ్ షిఫ్ట్ తరఫున, బెల్లంపల్లిలో ఆడాలి. చిన్న ఊళ్ళు పెంచుతాయి, పెద్ద ఊళ్ళు కోసుకుంటాయి. ఈ అన్యాయానికి ఎక్కడో ఒకచోట అడ్డుకట్ట పడాలి. ఇది సూత్రానికి సంబంధించిన విషయం.

ఇది సూత్రానికి సంబంధించిన విషయం.

జూన్ 27

వాహెద్ చాచా సోఫాల దుకాణం ముందు నుంచి వెళ్తుంటే పిలిచాడు. అవేజ్ వాళ్ళ నాన్న. నోటి నిండా చిన్న మేకులు పెట్టుకొని, ఒక్కొక్కటే తీసి కొడుతూ మాట్లాడగలడు.

"బేటీ, మావోని కాగితం నీ చేతిల ఉన్నదట గదా. జర జల్ది చూడు. వీడు రాత్రిపూట నిద్రల సుత తంతున్నడు. తమ్ముడు మంచం కింద పండుకుంటుండు."

లోపలినుంచి అవేజ్, "అబ్బా! ఊరంత చెప్తవా?" అని అరిచాడు.

జిలేబీ తెప్పించాడు చాచా. ఇంకా ఏమీ కాలేదన్నాను. "అయితది. నువ్వున్నవ్ గదా," అన్నాడు.

జూలై 6

పీర్ల పండుగ. ప్రాక్టీసు లేదు. అలావ గుండంలోని మంట చుట్టూ ఊరంతా ఉంది. అవేజ్ నన్ను చూడలేదు. నేను చూశానని వ్రాయవలసిన పని లేదు.

జూలై 9

ప్రణయ్ తిరస్కరించాడు. 'ఏప్రిల్, మే మాకు కీలకమైన నెలలు. మిగతా ఏ విషయంలోనైనా సర్దుకుంటాం.' నాలుగు పేజీల జవాబు పంపాను. మూడో పేజీ చాలా బాగా వచ్చింది.

బాపు సమ్మెల గురించి చెప్పాడు. "మేం ఏమీ చెయ్యలే. కూసున్నం. బొగ్గు పైకి రాకపోతె నష్టం వాళ్లకే గదా. పదహారోనాడు వాళ్లే వచ్చి పిలిచిండ్రు." కాలం కార్మికుడి ఆయుధం. మనం కూడా కూర్చుందాం అన్నాను.

ఇక్కడ బొగ్గు ఎవరు అన్న ప్రశ్న నాకు వచ్చింది. వెంటనే పోయింది.

జూలై 14, సోమవారం

వాన. ప్రాక్టీసు మధ్యలో ఆగిపోయింది. అందరూ షెడ్డు కింద చేరారు. అవేజ్ మోకాలి మీద నీళ్ళు పోసుకుంటున్నాడు. మా మైదానం సగం కంకర, సగం బొగ్గుపొడి. అక్కడ పడినవాడి గాయంలో నలుపు మిగిలిపోతుంది.

"గా కాగితం యాడి దాక వచ్చింది?"

వివరించాను. చిన్న క్లబ్బుల హక్కులు, పెద్ద క్లబ్బుల దురహంకారం, ఇవాళ మనం లొంగితే రేపు ప్రతి ఊరూ లొంగవలసి రావడం. శ్రద్ధగా విన్నాడు. అతను ఎప్పుడూ శ్రద్ధగానే వింటాడు. అదే నాకు ఇబ్బంది.

"నువ్వు చెప్పేది కరెక్టే ఉంటది. నాకు గదంత తెల్వదు. నేను గడ్డి మీద ఎన్నడు ఆడలే, ఎరుకేనా? అక్కడ మొత్తం గడ్డే ఉంటదట. పడ్డా ఏం కాదట." మోకాలు తుడుచుకున్నాడు. "ఒక్కసారి పడి చూడాలె."

జూలై 22

విత్తడం పూర్తయింది, నరేశ్ వచ్చాడు. మేమేమీ వ్రాసివ్వలేదు, ఆమె ఏమీ అడగలేదు. సంచి నిండా జొన్నరొట్టెలు పంపింది గంగుబాయి. బాపు ఒకటో నంబరు బిళ్ల అతని చేతికి ఇస్తూ, "పోయేటప్పుడు మళ్ల తగిలించాలె. మర్చిపోతే నువ్వింక బాయిలనే ఉన్నవనుకొని నాకు నిద్ర పట్టదు," అన్నాడు. అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు.

బోథ్ బదిలీ పూర్తి కావడానికి పట్టిన సమయం: అరనిమిషం. వాళ్ళ క్లబ్బువాళ్ళు ఫోనులోనే 'సమ్మతి' నొక్కేశారు.

జూలై 30

ప్రణయ్ ఆఖరి మాట: షరతు లేకుండా, రేపు సాయంత్రం ఐదు లోపల. లేకపోతే మరో ఊరి కుర్రవాడి కాగితాలు సిద్ధంగా ఉన్నాయట. బెదిరింపు కాదు, సమాచారం అన్నాడు. బెదిరించి ఉంటే నాకు సులువుగా ఉండేది.

బాపు అంతా విన్నాడు. తర్వాత, "ఒత్తెయ్ బిడ్డా. రెండో కాగితం అయింది, మూడోది అయింది. సమ్మె ఎన్నడు ఇడువాల్నో తెల్వనోడు యూనియన్ నడపలేడు. పోరని బతుకు అది. రేపు పొద్దుగాలనే ఒత్తు," అన్నాడు.

సరే అన్నాను.

జూలై 31, గురువారం

సర్వరు పనిచేయలేదు.

ఆగస్టు 1

సర్వరు పనిచేయలేదు. ఉదయం రెండుసార్లు, మధ్యాహ్నం మూడుసార్లు ప్రయత్నించాను. నాలుగు దాటిన తర్వాత పేజీ తెరుచుకోలేదు. ఆఖరి రోజు రాష్ట్రమంతా ఒకేసారి ఎక్కితే ఇట్లాగే అవుతుంది. ఇది సాంకేతిక లోపం. బాపుకు ఇదే చెప్పాను. వాహెద్ చాచాకు ఇదే చెప్పాను.

చాచా నోట్లోని మేకులన్నీ అరచేతిలోకి తీసుకున్నాడు. "నసీబ్ బేటీ. నువ్వేం పరేషాన్ కాకు. నువ్వు చెయ్యాల్సింది చేసినవ్."

అవేజ్ అక్కడే ఉన్నాడు.

ఆగస్టు 3

"పదకొండు!"

మేకుకు బిళ్ల వేలాడుతోంది. ఎవరూ తీయలేదు. కాసేపటికి నరేశ్ మెల్లగా, "సుట్టి," అన్నాడు. సెలవట.

ఆగస్టు 4

సుట్టి.

ఆగస్టు 5

సుట్టి. బాపు అడిగాడు: "ఎన్నొద్దులు సుట్టి?" నరేశ్ నేల చూశాడు.

ఆగస్టు 7

దుకాణానికి వెళ్ళాను. చాచా సామాను కొనడానికి మంచిర్యాల వెళ్ళాడట. అవేజ్ ఒక పాత సోఫా గుడ్డ ఊడదీస్తున్నాడు. మేకు పీకడం, డబ్బాలో వేయడం. మేకు పీకడం, డబ్బాలో వేయడం.

"మైదానానికి ఎందుకు రావడం లేదు?" అన్నాను.

"ప్రణయ్ సార్ ఫోన్ చేసిండు. సారీ చెప్పనీకి." మేకు. "సర్వర్ పొద్దంత మంచిగనే ఉన్నదట. వేరే పోరనిది నాలుగున్నరకు అయిందట."

"ఒక్కొక్కచోట నెట్‌వర్కు ఒక్కో విధంగా ఉంటుంది. దీనికి మూడు కారణాలు ఉండవచ్చు. మొదటిది..."

"బోథ్ల ఏమన్నవ్?"

నేను ఆగిపోయాను.

"గంగుబాయి ముంగట. ఆటగాణ్ని ఆపే హక్కు ఎవ్వరికి లేదన్నవ్. ఎంత మంచిగ చెప్పినవ్. నేను బస్సుల గదే తలుచుకుంట వచ్చిన." మేకు డబ్బాలో పడింది. "సార్ నీ కాగితం సుత పంపిండు. చదివిన. ఏటా ఏప్రిల్ల, మేల ఇక్కడ ఉండాలె."

"అది సూత్రానికి..."

"నేను రానంటినా?"

వీధిలో ఆటో ఒకటి వెళ్ళింది.

"నా ఇల్లు ఈడ. అబ్బా ఈడ. కాకా ఈడ." గుడ్డను రెండు చేతులతో పట్టి ఒక్కసారి లాగాడు, లోపలి పీచు బయటపడింది. "నేను వస్తుంటి, నవీనా. కాగితం లేకపోయినా వస్తుంటి. నువ్వు అడుగకపోయినా."

అతను నా పేరు పలకడం పదో తరగతి తర్వాత ఇదే మొదలు.

జీవితంలో మొదటిసారి సమయం మిగిలి ఉండగా నా దగ్గర జవాబు లేదు.

"కాకాకు నేను చెప్పలే. నువ్వే చెప్పుకో," అని తిరిగి పని మొదలుపెట్టాడు.

ఆగస్టు 9

సర్వరు పనిచేసింది.

ఇక్కడ ఒకసారి వ్రాయాలి. ఈ నోటుబుక్కులో కూడా అబద్ధం చెప్పుకొనేదాన్నయితే నాకు ఇంకెక్కడా చోటు లేదు.

ఆ రోజు ఉదయం తొమ్మిదికి పేజీ తెరిచాను. తెరుచుకుంది. అతని ఫోటో, పుట్టిన తేదీ, కింద ఆకుపచ్చ రంగులో 'సమ్మతి'. అమ్మ అన్నానికి పిలిచింది; తిని వచ్చాను; అట్లాగే ఉంది. ఇంకొక్క ప్రయత్నం చేస్తే ప్రణయ్ దిగివస్తాడని నాకు నేను చెప్పుకొన్నాను. మధ్యాహ్నమంతా అతనికి ఇంకో వాదన వ్రాశాను. నాలుగూ పదికి పంపాను. నాలుగూ నలభైకి ఒక్క వాక్యం వచ్చింది: 'వేరే అబ్బాయిని తీసుకున్నాం మేడమ్, మీ క్లబ్బుకు శుభాకాంక్షలు.'

ఆ వాక్యం చదివినప్పుడు నా లోపల మొట్టమొదట కలిగినది దుఃఖం కాదు. ఏది కలిగిందో నాకు తెలుసు. దాన్ని ఎంత దాటవేసినా కలం మళ్ళీ అక్కడికే వస్తోంది కనుక వ్రాస్తున్నాను: ఊరట. అతను వెళ్ళడం లేదు.

చిన్న ఊళ్ళ హక్కుల గురించి నేను వ్రాసిన ప్రతి మాటా సరైనదే. ఈ రోజు కూడా ఏ వేదిక మీదనైనా నిలబెట్టి గెలవగలను. కాని ఆ మాటలన్నిటినీ నేను ఒక మనిషి కాలికి తాడు కట్టడానికి వాడాను. ఎందుకు కట్టానో ఆ మనిషికి చెప్పే ధైర్యం లేక, సూత్రం అన్నాను. రెండు పక్షాలకూ సిద్ధమై వెళ్ళాను. నా పక్షం ఏదో అతనికి ఒక్కసారి కూడా చెప్పలేదు.

చెప్పి ఉంటే నవ్వేవాడేమో. నవ్వి, గడ్డి మీద పడి, ఏప్రిల్‌లో వచ్చేవాడు.

ఆగస్టు 17, ఆదివారం

అతను ఇక్కడే ఉన్నాడు. మార్కెట్టుకు పోతే దుకాణంలో కనిపిస్తాడు. తిరిగి వస్తుంటే కనిపిస్తాడు. ఇప్పుడు అతను కూడా నోట్లో మేకులు పెట్టుకుంటున్నాడు. నన్ను చూస్తే తల ఊపుతాడు, ఏ గిరాకీకైనా ఊపినట్టే.

నేను కోరినది కోరినట్టే జరిగింది.

ఆగస్టు 23

రేపు మధ్యాహ్నం బస్సుకు కరీంనగర్. సెమిస్టరు మొదలై వారమైంది. కళాశాలలో డిబేట్ జట్టు పేర్లు అడుగుతున్నారట. జవాబు వ్రాయలేదు.

బాపు అన్నం తింటూ అన్నాడు: "పదకొండోనికి ఏమైందో ఎవ్వరు చెప్తలేరు. సుట్టి సుట్టి అంటరు. మూడువారాల సుట్టి ఏ బాయిల ఉన్నది బిడ్డా?"

ఆగస్టు 24, ఆదివారం

బస్సు ఎక్కే ముందు వ్రాస్తున్నాను.

ఉదయం బాపుతో మైదానానికి వెళ్ళాను. రాత్రి వానకు కంకర కడిగినట్టుంది. ఒక్కొక్కరే బిళ్లలు తీసుకొన్నారు. నేను బోర్డు పక్కన నిలబడ్డాను. బాపు పిలుస్తున్నాడు. ఒకటి, ఉన్న. రెండు, ఉన్న. ఏడు, జరం. పది, ఉన్న.

"పదకొండు!"

నరేశ్ నోరు తెరిచాడు. నా మొహం చూసి మూసుకున్నాడు.

బాపు ఎదురుచూశాడు. అతనికి ఎదురుచూడడం తెలుసు. మైదానం చివర గొర్రెలు వెళ్తున్నాయి. అవి పూర్తిగా దాటిపోయాయి.

నేను వాదన ఏదీ సిద్ధం చేసుకోలేదు. మొదటి మాట ఏదో కూడా తెలియకుండా నోరు తెరవడం నాకు అలవాటు లేదు.

"సర్వరు మంచిగనే ఉండె, బాపూ," అన్నాను. "నేనే ఒత్తలే. అవేజ్ పోవుడు నాకు ఇష్టం లేకుండె."

బాపు రిజిస్టరు వైపు చూశాడు. అతని చేతిలో పెన్ను పదకొండు మీద ఆగింది. అక్కడ ఏమి వ్రాయాలో ఇరవై ఏళ్ళ యూనియనులో గాని, ముప్పై ఏళ్ళ మస్టరులో గాని అతనికి ఎవరూ నేర్పలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నా వైపు చూసి ఉన్నా బాగుండేది.

ఆ గడి ఖాళీగా వదిలిపెట్టాడు.

నా వల్ల జవాబయితే దొరికింది కనుక, గొంతు సవరించుకొని, తర్వాతి నంబరు పిలిచాడు.

"పన్నెండు!"

"ఉన్న కాకా."